షోకేస్ బొమ్మకు గుండె దడ

పొద్దున నా కొట్టులో పడే మొదటి బోణీ మీద ఒట్టు. ఇది జరిగింది. ప్రతి మాటా నిజం.

నవ్వకండి. మీరు నవ్వుతారని తెలుసు. దిల్‌సుఖ్‌నగర్ చీరల సందులో 'గప్పాల యాదగిరి' అంటే ఎవరో కాదు, నేనే. మా తాత నేసిన చీర కట్టుకుంటే వానలో తడవరని చెప్పింది నేనే. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో విజయవాడ బస్సు నన్ను చూసి తనంతట తానే ఆగిందని చెప్పిందీ నేనే. ఆ మాటలు వేరు. వాటికి సాక్ష్యం లేదు. దీనికి ఉంది. ఫైలుంది. కావాలంటే ఇప్పుడే మీ ఫోన్‌కు పంపుతాను.

అసలు సంగతి చెబుతాను, వినండి.

పెళ్లిళ్ల సీజన్ ముందు ఒకరోజు కొట్టులో చీర మడతపెడుతుంటే గుండె దడదడలాడింది. ఊరికే కాదు... లోపల ఎవరో తలుపు కొడుతున్నట్టు. చేతిలో చీర జారింది. కొనడానికి వచ్చినామె నీళ్లు తాగించి, చీర కొనకుండా వెళ్లిపోయింది. నాకు రెండోదే ఎక్కువ బాధ.

ఇంట్లో పంచాయతీ మొదలైంది. మా ఆవిడ సుజాత నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"ఇగ చాలయ్యా. దుకాణం తాళాలు మా శేఖర్‌కిద్దాం. నువ్వు ఇంట్ల కూసో."

శేఖర్ నా బామ్మర్ది. మంచివాడే. కాని ఇక్కత్ చీరకూ ప్రింటు చీరకూ తేడా తెలియనివాడు. వాడి చేతికి మా నాయిన పెట్టిన కొట్టు తాళాలా? నేను ఇంట్లో కూర్చుని సీరియళ్లు చూడాలా? అలా అయితే గుండె ఆగేది దడతో కాదు, ఊసుపోక.

చివరికి దవాఖానలో డాక్టరమ్మ ముందు ఒప్పందం కుదిరింది. మా అమ్మాయి స్వప్న నాకు ఒక స్మార్ట్ వాచీ కట్టింది. వారం పాటు రాత్రీ పగలూ తీయకూడదు. వారం తర్వాత ఆ గుండె లెక్కలన్నీ బయటికి తీసి డాక్టరమ్మకు చూపించాలి. ఆమె "పర్వాలేదు" అంటే తాళాలు నావి. లేదంటే శేఖర్‌వి.

ఆ వాచీ మామూలుది కాదు. దాని కడుపు కింద ఒక పచ్చ వెలుగు. అది చర్మంలోకి తొంగిచూసి గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటుందో లెక్కపెడుతుంది. ఆ అంకె నా ఫోన్‌కు పోతుంది. నా ఫోన్ నుంచి సుజాత ఫోన్‌కు పోతుంది. అంటే పెళ్లైన ఇన్నేళ్లకు నా గుండెలో ఏముందో మా ఆవిడ ఇంట్లో కూర్చుని చూసే రోజు వచ్చిందన్నమాట.

"మెట్లెక్కుతున్నవా? తొంభై చూపిస్తాంది, జర మెల్లగ," అని ఫోన్.

"టీ తాగినవు గదా? నాకు తెల్వదనుకున్నవా?" అని ఫోన్.

ఆరు రోజులు అలా గడిచాయి. వారంలో ఆఖరి రాత్రి వచ్చింది.

ఇప్పుడు బొమ్మ గురించి చెప్పాలి. మా కొట్టు షోకేసులో ఒక బొమ్మ ఉంది. మా నాయిన పోచంపల్లి నుంచి వచ్చి కొట్టు పెట్టినప్పుడు కొన్నది. ముక్కు మీద రంగు లేచిపోయింది. ఎడమ చేతికి చిటికెన వేలు లేదు. కళ్లు మాత్రం... మీరు ఏ మూల నిలబడ్డా మీ వైపే. మా నాయినది ఒక కట్టుబాటు. రాత్రి షట్టర్ దించే ముందు ఆమె ఒంటి మీద మగ్గం చీర ఉండి తీరాలి. ఒంటి మీదిది అమ్ముడుపోతే ఇంకోటి కట్టాకే తాళం.

"ఊరందరికి చీరలు గట్టే దుకాణంరా ఇది. ఆమె ఒక్కతే బట్ట లేకుంట చీకట్ల నిలవడాల్నా?" అనేవాడు.

ఆయన పోయాక కూడా నేను ఒక్క రాత్రీ తప్పలేదు. ఆ రాత్రి దాకా.

తెల్లవారకముందే పోచంపల్లి నుంచి సరుకు బండి వస్తుందని కబురు. కొట్టులోనే పడుకుంటానని ఇంట్లో చెప్పాను. సుజాత ఒప్పుకుంది, ఒక షరతు మీద.

"వాచీ ఇప్పినవో, నా ఫోన్ల అంకె పోయిందో... ఆటో ఎక్కి ఒస్త. తాళాలు శేఖర్‌కిచ్చే ఇంటికి మర్లుత."

షట్టర్ సగం దించాక ఒకామె ఉరుక్కుంటూ వచ్చింది. నల్లగొండ బస్సు అందుకోవాలట. వేలు చూపించింది.

"గా బొమ్మ మీదిదే కావాలె. మడతలున్నది నాకొద్దు."

నెమలి కంఠం రంగు చీర. విప్పి ఇచ్చేశాను. ఆమె వెళ్లింది. నేను బొమ్మకు ఇంకో చీర కట్టాలి కదా... మర్చిపోయాను. ఎందుకంటే ఆ క్షణంలో నాకు పాయా గుర్తొచ్చింది.

రెండు సందుల అవతల రాత్రిపూట దొరికే పాయా. డాక్టరమ్మ వద్దన్నది, సుజాత ఒట్టు వేయించుకున్నది. సన్నమంట మీద సాయంత్రం నుంచి ఉడికిన పొట్టేలు కాళ్లు. మీద తేలే మిరియాల పొడి. రొట్టె ముంచితే రొట్టె కరిగి, వేళ్లకు అంటుకునే జిగురు. ఆరు రోజుల పథ్యం తర్వాత ఆ వాసన నన్ను పేరు పెట్టి పిలిచింది.

కాని చేతికి వాచీ ఉంది. నడిస్తే అంకె పెరుగుతుంది. తింటే పెరుగుతుంది. సుజాతకు తెలిసిపోతుంది. విప్పి బల్ల మీద పెడదామా? అప్పుడు అంకె పోయి అడ్డగీతలు వస్తాయి. చెయ్యి లేదని వాచీకి తెలిసిపోతుంది. అందుకని చెయ్యి ఉన్నవాళ్లకే కట్టాలి.

కొట్టులో నేను కాక చెయ్యి ఉన్నది ఆమె ఒక్కతే.

బొమ్మ ఎడమ మణికట్టుకు పెట్టి, పట్టీని చివరి రంధ్రం దాకా బిగించాను. పచ్చ వెలుగు మినుకుమంది. ఆలోచించింది... ఆలోచించింది... అంకె పడింది.

డెబ్భై రెండు.

"శభాష్ తల్లీ!" అన్నాను. వాచీ మోసపోయిందని గంతేసినంత పని చేశాను. ఫోన్ గల్లాపెట్టె మీద పెట్టి, లైటు ఆర్పి, షట్టర్ దించి బయటపడ్డాను.

తిరిగి వచ్చేసరికి సందంతా చీకటి. కరెంటు పోయింది. మెట్రో స్తంభాల దాకా ఒక్క దీపం లేదు. కుక్క కూడా మొరగడం లేదు. షట్టర్ మోకాలి ఎత్తు లేపి, కిందనుంచి దూరాను. ఫోన్ లోపల ఉంది. చేతిలో టార్చి లేదు.

లోపల... పచ్చ వెలుగు.

ఒక్కటే చుక్క. ఆరుతోంది. వెలుగుతోంది. ఆరుతోంది. నేను నవ్వుకున్నాను. వాచీ కదా. నేను కట్టిందే కదా.

ఒక అడుగు వేశాను.

టక్...

ఆగాను. మళ్లీ ఒక అడుగు.

టక్... టక్...

నేను మగ్గం కింద పుట్టినవాణ్ని. ఆ చప్పుడు నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నూలు మోసే నాడె అటు నుంచి ఇటు పోయే చప్పుడు. మా కొట్టులో మగ్గం లేదు. మా సందులోనే లేదు.

అప్పుడే... బుర్ర్‌ర్‌... అని వాచీ వణికింది. తెర వెలిగింది. ఆ వెలుగులో బొమ్మ గడ్డం, లేచిపోయిన ముక్కు కనిపించాయి. తెర మీద అక్షరాలు. స్వప్న నాకోసం తెలుగులో పెట్టినవే.

'చాలాసేపు కదల్లేదు. ఇక లేచి నడవండి.'



"వద్దు తల్లీ," అన్నాను. "నడవొద్దు. నీకు పుణ్యముంటది. గట్లనే నిలవడు."

అక్షరాలు పోయాయి. అంకె వచ్చింది. ఎనభై. నేను పెట్టి వెళ్లింది డెబ్భై రెండు కదా... దగ్గరికి జరిగాను. తొంభై ఆరు. ఇంకొక్క అడుగు. నూట పది. వెనక్కి జరిగాను. దిగింది... తొంభై... ఎనభై... మళ్లీ ముందుకి. ఎక్కింది. మళ్లీ వెనక్కి. దిగింది. మూడోసారి చేశాను, ఎందుకు చేశానో నాకే తెలియదు. నేను దగ్గరికి వస్తుంటే ఆమెకు దడ పుడుతోంది.

మగ్గం చప్పుడు కూడా అంకెతో పాటే. ఎక్కితే గబగబా. దిగితే మెల్లగా.

ఇక్కడ ఒక మాట. నేను భయపడ్డానా? భయపడ్డాను. కాని ఆమె నాకంటే ఎక్కువ భయపడుతోంది. అది అర్థమయ్యాక నాకు ఎక్కడలేని సిగ్గు వేసింది. చీకటి. మూసిన షట్టర్. దగ్గరికి వస్తున్న మగవాడు. ఆమె ఒంటి మీద...

చీర లేదు.

"అయ్యో నాయినా," అని లెంపలు వేసుకున్నాను. కళ్లు కిందికి దించుకుని, చేత్తో తడుముకుంటూ అరలోంచి ఒక చీర లాగాను. రంగు తెలియదు. అంచు వేలికి తగిలింది, చాలు. ఎన్ని వేల చీరలు కట్టిన చెయ్యి ఇది! నడుముకు ఒక చుట్టు. కుచ్చిళ్లు. ఒక్కో కుచ్చి పెడుతుంటే చప్పుడు తగ్గుతోంది... టక్... ... టక్... పమిట భుజం మీద వేసి, పిన్ను పెట్టాను.

చప్పుడు ఆగింది.

అంకె చూశాను. డెబ్భై రెండు.

ఆమె కాళ్ల దగ్గరే చాప వేసుకుని పడుకున్నాను. మీరు నమ్మండి, నమ్మకపోండి. అంత మంచి నిద్ర నాకు ఏడాదిలో పట్టలేదు.

సరుకు బండి ఆలస్యమై, హారన్ కొట్టి నన్ను లేపింది. తెల్లారి వెలుగులో చూస్తే, చీకట్లో నా చేతికి దొరికింది మా నాయిన ఆఖరున నేసిన ఎర్రంచు చీర. అమ్మకానికి పెట్టనిది. మరి ఆ అరలోకి ఎట్లా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

వాచీ విప్పి నా చేతికి కట్టుకునేలోగా సుజాత ఫోన్.

"బంగారం లెక్క పండుకున్నవయ్యా! రెండు సార్లు లేచి చూసిన. డెబ్భై రెండే! గిట్లుంటే శేఖర్‌తోని పనేముంది?"

మర్నాడు స్వప్న నా ఫోన్ తీసుకుని, ఆ వాచీ యాప్‌లో లోపలెక్కడో ఉన్న 'డేటా ఎగుమతి' నొక్కింది. వారం లెక్కంతా ఒక మూటలా కట్టి బయటికొచ్చింది. దాన్ని స్తంభాల పటంలా గీసి, కాగితం మీద అచ్చు తీసింది. ముగ్గురం డాక్టరమ్మ దగ్గరికి పోయాం.

ఆమె ఆరు రోజులవీ చకచకా తిప్పేసింది. ఏడో రాత్రి దగ్గర ఆగింది. కళ్లజోడు సర్దుకుంది.

"ఇది మీదేనా?"

"నాదే మేడం. నా చేతిదే," అన్నాను.

"నిద్రలో మనిషి గుండె పెరుగుతుంది, తగ్గుతుంది. కల వస్తే ఒకలా, పక్కకి తిరిగితే ఒకలా. ఇక్కడ స్కేలు పెట్టి గీసినట్టుంది. మధ్యలో ఈ ఒక్క గంటలో మాత్రం స్తంభంలా లేచింది. ఇంత సమంగా బతికున్నవాళ్లెవరికీ ఉండదండీ."

సుజాత నా వైపు తిరిగింది. ఆ చూపు మీలో పెళ్లైనవాళ్లకు తెలుసు.

చెప్పేశాను. అంతా. పాయా, బొమ్మ, పచ్చ వెలుగు, మగ్గం చప్పుడు, మూడుసార్లు ముందుకీ వెనక్కీ.

"గప్పా!" అంది సుజాత. "దవాఖానల గూడ గప్పానే!"

"మమ్మీ, ఆగు," అంది స్వప్న.

తను ఫోన్‌లో ఆ మూట విప్పుతోంది. పటంలో గంటకొక స్తంభమే కనిపిస్తుందట. ఎగుమతి చేసిన ఫైలులో మాత్రం వాచీ తీసుకున్న ప్రతి అంకె, వరుసకు ఒకటి చొప్పున ఉంటుందట. వేలితో జరుపుతూ పోయింది... పోయింది... వేలు ఆగింది.

"డాడీ... ఎన్నిసార్లు ముందుకు పోయిన అన్నవు?"

"మూడు."

పైకి చదవడం మొదలుపెట్టింది. "డెబ్భై రెండు, డెబ్భై రెండు, ఎనభై, తొంభై ఆరు, నూట పది. మల్ల తొంభై, ఎనభై. మల్ల నూట పన్నెండు. దిగింది. మల్ల నూట ఇరవై ఒకటి. దిగింది. ఎనభై ఎనిమిది... ఎనభై... డెబ్భై ఆరు... డెబ్భై రెండు. ఇగ తెల్లారేదాక డెబ్భై రెండే."



మిత్రులారా! ఫైలు తెరవకముందే నేను చెప్పిన కథ, ఫైలులో వరుస తప్పకుండా ఉంది. నేను పుట్టాక నా గప్పాకు సాక్ష్యం దొరకడం అదే మొదలు. కుర్చీలో నుంచి లేచి నిలబడ్డాను. కాలరు ఎగరేశాను. దవాఖానలో చప్పట్లు కొట్టకూడదు కాబట్టి ఎవరూ కొట్టలేదు.

డాక్టరమ్మ మాత్రం ఆ మాయలో పడలేదు. "బొమ్మ సంగతి నాకు తెలీదు. నాకు మీ గుండె కావాలి," అని సుజాతనూ స్వప్ననూ బయట కూర్చోబెట్టి, నా ఛాతీకి తీగలున్న చిన్న యంత్రం అంటించింది. ఒక పగలూ రాత్రీ. అది బొమ్మకు కట్టే వీలు లేదు.

ఫలితం చెప్పే రోజు శేఖర్ కూడా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా. నుదుట కర్మన్‌ఘాట్ హనుమంతుడి సిందూరం. తాళాలు అందుకోవడానికి దేవుడికి చెప్పుకుని మరీ వచ్చినట్టుంది.

డాక్టరమ్మ కాగితం చూసి తలూపింది. "బాగుంది. టీ తగ్గించండి. వేళకు పడుకోండి. కొట్టు నడుపుకోండి."

సుజాత సంచిలోంచి తాళాల గుత్తి తీసి, అందరూ చూస్తుండగా నా జేబులో వేసింది. ఆ గలగల... మా పెళ్లినాటి మేళం కూడా అంత కమ్మగా లేదు.

"బావా, మరి నేను?" అన్నాడు శేఖర్.

"నువ్వు సీరియల్ చూసి కథ చెప్పు బామ్మర్దీ. నాకు టైం దొరకది."

కథ ఇక్కడ అయిపోవాలి. కాని మా పక్క కొట్టు ప్రసాదరావు సారు ఒకరున్నారు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ గాజుల కొట్టు పెట్టుకున్న మనిషి. ఆధారం లేకుండా సూర్యుడు తూర్పున పొడిచాడన్నా ఒప్పుకోరు.

"యాదగిరి గారూ, ముందిది చెప్పండి. ఆ సందుల్లో రాత్రిపూట పాయా ఎక్కడ దొరుకుద్దండీ? ఇరవై ఏళ్ల నుంచీ చూస్తన్నా, నాకైతే కనపళ్ళా."

"మీరు తినరు కదా సార్, మీకెట్ల కనిపిస్తది?" అని తప్పించుకున్నాను.

"సరే, వాచీ సంగతికొద్దాం. ఆ పచ్చ లైటు ఏ వస్తువు మీద పడ్డా, తిరిగొచ్చిన వెలుతుర్ని చూసి ఏదో ఒక అంకె చెప్పుద్దండీ. దానికి గుండే తెలీదు, గుమ్మడికాయా తెలీదు."

అంటూ ఇంటికి తీసుకెళ్తున్న కూరల సంచిలోంచి వంకాయ తీసి, దానికి వాచీ కట్టారు. సందంతా గుమిగూడింది. పచ్చ వెలుగు మినుకుమంది. అంకె పడింది. అరవై ఎనిమిది!

"చూశారా! వంకాయక్కూడా గుండె ఉందిటండీ!" అని సారు సందు మార్మోగేలా నవ్వారు. నీళ్ల సీసాకు కట్టారు. దానికీ అంకె. చీర చుట్టే అట్టగొట్టానికి కట్టారు. దానికీ.

నా కాలరు వాడిపోయింది.

"ఇప్పుడు మీ బొమ్మక్కూడా కడతా. దీనికీ వచ్చుద్ది," అని షోకేసు ఎక్కారు. ఎర్రంచు చీరలో నిలబడి ఉంది ఆమె. అదే చెయ్యి. అదే రంధ్రం. బిగించారు.

పచ్చ వెలుగు మినుకుమంది. ఆలోచించింది...

గీతలు.

సారు విప్పి, తుడిచి, మళ్లీ కట్టారు. గీతలు. కుడి చేతికి కట్టారు. గీతలు. వంకాయకు కట్టారు, అరవై తొమ్మిది. బొమ్మకు కట్టారు, గీతలు.  ప్రసాదరావు సారు షోకేసు దిగారు. చెప్పులు వేసుకున్నారు. ఆ రోజు నుంచి మా కొట్టు ముందు నుంచి పోయేటప్పుడు ఆయన బొమ్మ వైపు చూసి, ఎవరూ చూడట్లేదనుకుని, చెయ్యి గుండె దగ్గరికి తెచ్చి చిన్నగా దణ్ణం పెడతారు.

నేను చూస్తాను. చూసి మీసం దువ్వుకుంటాను.

ఇంతదాకా విన్నారు కాబట్టి ఒట్టు సంగతి తేల్చాలి. ఇందులో ఒకటి నేను కల్పించాను.

బొమ్మ అనుకుంటున్నారు. కాదు. అంకెలు అనుకుంటున్నారు. ఫైలుందన్నాను కదా.

కల్పించింది పాయా.

ఆ సందుల్లో పాయా లేదు. సారు చెప్పిందే నిజం. నేను ఎక్కడికీ పోలేదు. ఆ నల్లగొండ ఆమె చీర తీసుకుని వెళ్లగానే నాకు మళ్లీ తలుపు కొట్టినట్టయింది... లోపల. వాచీలో అంకె ఎక్కడం కళ్లారా చూశాను. అది సుజాత ఫోన్‌లో పడేలోగా విప్పేసి ఆమె చేతికి కట్టాను. బయటికొచ్చి, షట్టర్ దించి, చీకట్లో కొట్టు మెట్ల మీద కూర్చున్నాను. పోయేదేదో తాళాలు నా జేబులో ఉండగానే పోనీ అనుకున్నాను. దడ తగ్గాక లోపలికి దూరాను.

డాక్టరమ్మకు ఆ మాట సుజాత గది బయటికి వెళ్లగానే చెప్పాను. అందుకే యంత్రం పెట్టింది. మీకు మాత్రం పాయా అని చెప్పాను. పాయా కోసం పోయానంటే నవ్వుతారు. భయపడ్డానంటే జాలిపడతారు. జాలితో ఒక్క చీర కూడా అమ్ముడుపోదు. సుజాత ఇది విన్నా భయం లేదు, గప్పా అనుకుంటుంది.

మిగతాదంతా నిజం.

ఇప్పుడు రోజూ ముందు ఆమెకు చీర కడతాను, తర్వాతే షట్టర్. దడ మళ్లీ రాలేదు. ఆమె చేతికి ఎప్పుడు కట్టి చూసినా గీతలే. నా చేతికి కట్టుకుని, మెట్ల మీద కాసేపు కూర్చుని చూస్తాను.

డెబ్భై రెండు.

నాదేనంటారా?